ఆగస్టు దానకర్ణులు

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆ మాట పుట్టించినవాళ్లు ఆగస్టులో న్యూజెర్సీ తెలుగువాళ్ల వీధి చూసి ఉండరు. ఇక్కడ అడక్కపోయినా పెడతారు, వద్దన్నా పెడతారు, ఇంట్లో లేకపోతే గుమ్మంలో పెట్టిపోతారు. పెట్టేది మాత్రం ఒక్కటే, జుకినీ.

"వదినా, మా పెరట్లోవే. మందుల్లేవు, మాకుల్లేవు, అంతా ఆర్గానిక్" అంటూ సంచి చేతికిస్తారు. అందుకోగానే భుజం కిందికి జారుతుంది. లోపల మూడే కాయలు, ఒక్కొక్కటీ చంటిపిల్లాడంత. "అయ్యో, ఎందుకండీ శ్రమ!" అంటాం. ఆ మాట మనం మనస్ఫూర్తిగానే అన్నామని ఇచ్చినవాళ్లకి ఎన్నటికీ తట్టదు.

ఇది మనవాళ్లకే పట్టిన జబ్బు కాదు. ఆగస్టు 8న పొరుగింటి వసారాలో చప్పుడు చెయ్యకుండా జుకినీలు పెట్టి జారుకోవడం అమెరికాలో ఒక సరదా పండగ. పెన్సిల్వేనియాకి చెందిన టామ్ రాయ్ అనే ఆయన పుట్టించిన వేడుక అది. దొంగలెత్తుకుపోయే పంటలు లోకంలో బోలెడున్నాయి. దొంగచాటుగా ఇచ్చిపోయే పంట ఇదొక్కటే. అయినా అమెరికావాడు నయం, చీకట్లో పెట్టి పోతాడు. మనవాడు పట్టపగలు కాలింగ్ బెల్ కొట్టి, సోఫాలో కూర్చుని, టీ తాగి, అంత కాయ ఎలా కాయించాడో మొదలుకంటా చెప్పి మరీ లేస్తాడు.

నా తగవంతా ఆ చెప్పడంతోనే. జుకినీ కాయించడం ఒక విద్యేమీ కాదు. గింజ నాటిన యాభై రోజులకి అటూ ఇటూగా కాయ చేతికొస్తుంది. ఆడపువ్వు విచ్చిన వారంలోపే కోతకి సిద్ధం. ఎండ, నీళ్లు, కాస్త ఎరువు ఉంటే చాలు, ఇంటి యజమాని ఎవరో దానికి అనవసరం. ఇంత సులువైన పంటని పండించి "మా ఆయన చెయ్యి అలాంటిదండీ" అంటే, ఆ చేతికి నమస్కారం పెట్టాలో, గోంగూర కట్ట పెట్టి అదీ పండించమనాలో అర్థం కాదు.

అసలు ఇన్ని కాయలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి? మన దయాగుణం నుంచి. విత్తనాల ప్యాకెట్ మీద ఒక్కో పాదులో రెండు మూడు గింజలు వేసి, మొలిచాక బలమైనదాన్ని ఉంచి మిగతావి తీసెయ్యమని రాసుంటుంది. వెయ్యడం దాకా శ్రద్ధగా చదువుతాం. తియ్యడం దగ్గరికొచ్చేసరికి "మొలిచిన ప్రాణాన్ని పీకుతామా, పాపం కదూ" అని చెయ్యి ఆగిపోతుంది. ఆ పాపభీతి ఫలితమే ఆరేడు మొక్కలు. ఏపుగా పెరిగితే ఒక్క మొక్కే ఆరు నుంచి పది పౌన్ల దాకా కాస్తుంది. ఇంట్లో నలుగురు. ఆ నలుగురిలో ఇద్దరు పిల్లలు, వాళ్లు పిజ్జా మీద తప్ప ఏ కూరగాయనీ గుర్తుపట్టరు.

పైగా ఖర్చు కలిసొస్తుందట! వేసవిలో కొట్లో జుకినీ పౌను రెండు డాలర్లకి అటూ ఇటూ. దాన్ని ఆదా చెయ్యడానికి సీడార్ చెక్కల రైజ్డ్ బెడ్, కారు డిక్కీ కుంగేటన్ని మట్టి బస్తాలు, కంపోస్టు, డ్రిప్పు పైపులు, వాటికో టైమరు, జింకలు దూకకుండా ఏడడుగుల వల. ఇంతా చేసి పండించిన కాయలో నూటికి 95 పాళ్లు నీళ్లే. మునిసిపాలిటీ నీళ్లు డబ్బిచ్చి కొని, మొక్కకి పోసి, కాయలోకి పట్టించి, కోసుకొచ్చి తురిమి, ఉప్పు చల్లి, గుడ్డలో పిండి, ఆ నీళ్లు సింకులో వంచేస్తాం. మధ్యలో ఇంత హంగామా దేనికి? కుళాయి తిప్పి నేరుగా సింకులోకే వదిలితే పోయేది.

ఇక కూలీల సంగతి. ఈ పంటకి అమెరికాలో కూలి దొరకదని దిగులు అక్కర్లేదు, విజిటర్ వీసా ఉందిగా. అమ్మానాన్నలో, అత్తమామలో మేలో దిగుతారు, అక్టోబరులో విమానమెక్కుతారు. చివరి మంచు కరిగాక గింజ నాటడం, తొలి మంచుకి పాదు మాడిపోవడం సరిగ్గా ఆ మధ్యలోనే. ఊళ్లో ఎకరాలు దున్నించిన పెద్దాయన ఇక్కడ తెల్లారి ఆరింటికి, చెవిలో తిప్పుకునే దూదిపుల్ల పట్టుకుని, సన్నటి పొడుగు కాడ మీదున్న మగపువ్వు నుంచి పుప్పొడి అద్ది, అడుగున బుల్లి పిందె ఉన్న ఆడపువ్వుకి పూస్తుంటాడు. మధ్యాహ్నానికి పువ్వు ముడుచుకుంటుంది గనక ఆలోపే ముహూర్తం. తేనెటీగ జీతం లేకుండా చేసే పని అది. జూన్‌లో మొదట వచ్చేవన్నీ దాదాపు మగపువ్వులే, రాలిపోవడం వాటి ధర్మం. ఆ మాత్రానికే వాట్సాప్ గ్రూపులో గగ్గోలు. "పూత నిలవడం లేదు, ఏం కొట్టాలి?" ఏమీ కొట్టకండి బాబూ. నిలవకపోతే వీధికి మంచిది.

ఆగస్టు వచ్చేసరికి ఆకుల మీద బూడిద తెగులు దిగుతుంది. దానికి నీళ్లు కలిపిన పాలు చల్లే వైద్యం ఒకటుంది. ఇది గాలికబురు కాదు, బ్రెజిల్ శాస్త్రవేత్త బెట్టియోల్ గ్రీన్‌హౌస్‌లో జుకినీ మొక్కల మీదే ఆవుపాలు ప్రయోగించి, తెగులు తగ్గిందని 1999లో ప్రచురించాడు. దాంతో మనకి శాస్త్రమూ సంప్రదాయమూ రెండూ కలిసొచ్చాయి. తండ్రి కాఫీలోకి రెండు శాతం కొవ్వు పాలు, జుకినీకి చిక్కటి పాలతో అభిషేకం!

వంటకాల జాబితా చెబితే ఇంకో వ్యాసమవుతుంది. పప్పులో జుకినీ, పులుసులో జుకినీ, రోటిపచ్చడిలో జుకినీ. ఏ పోపు పెడితే ఆ పోపు రుచి, తన రుచంటూ ఏదీ లేదు. దాన్ని పొడుగ్గా తీగల్లా చెక్కి "నూడుల్స్" అని పిల్లల ముందు పెట్టడం ఒక మోసం. జుకినీ బ్రెడ్ ఇంకో మోసం. మైదా, గుడ్లు, కప్పులకొద్దీ పంచదార, నూనె, వాటి మధ్య ఎక్కడో ఆకుపచ్చ నలుసులు. అది కేకు. కేకని ఒప్పుకుని తింటే కనీసం అపరాధభావం అయినా మిగులుతుంది.

ఈ కాయని ఇప్పటి రూపానికి తెచ్చింది ఇటలీవాళ్లు, 19వ శతాబ్దం చివర్లో, మిలాన్ పరిసరాల్లో. దాని ముత్తాతలు మెక్సికో వైపువి. ఇటలీవాళ్లని చూసైనా నేర్చుకోవచ్చు. జానెడు దాటకముందే, పువ్వు ఊడకముందే కోస్తారు. పువ్వుల్ని పిండిలో ముంచి వేయిస్తారు. మన శనగపిండి ఉండగా దిగులేమిటి, ఆడపువ్వులే కోసి బజ్జీలు వెయ్యండి. తిన్న ప్రతి బజ్జీకీ ఒక జుకినీ తగ్గుతుంది. మనవాళ్లు అలా కాదు, ఆకుల చాటున ఇంకో నాలుగు రోజులు పెరగనిస్తారు. తొక్క మందమై, లోపల గింజ ముదిరి, తినడానికి పనికిరాని స్థితికి చేరాక అది "ఇచ్చే కాయ" అవుతుంది. లేతవి మాత్రం ఇంట్లో ఉంటాయి.

నవ్వులాట కాని సంగతి ఒకటుంది. పండిన కాయలోని గింజలు దాచి మళ్లీ నాటేవాళ్లు జాగ్రత్త. పక్కింట్లో అలంకారానికి పెంచే బుల్లి గుమ్మళ్లు కొన్ని ఇదే జాతివి. వాటితో పరపరాగం జరిగితే మరుసటేడు కాయల్లో కుకుర్బిటాసిన్ అనే విషపు చేదు రావచ్చు. 2015లో జర్మనీలోని హైడెన్‌హైమ్‌లో ఒక పెద్దాయన పొరుగువారిచ్చిన చేదు జుకినీ వండుకు తిని ప్రాణం పోగొట్టుకున్నాడు. ఉడికించినా ఆ చేదు పోదు. మన సొరకాయలోనూ ఇదే గుణముంది. కొసన చిన్న ముక్క నాలిక మీద పెట్టి చూడండి, చేదైతే ఉమ్మేసి కాయ మొత్తం పారెయ్యండి. పొరుగింటి పుల్లకూర రుచన్న మాట జుకినీకి వర్తించదు.

కాబట్టి పెరటి రైతులకి ఒక మనవి. వచ్చే మేలో పాపం పుణ్యం అనుకోకుండా ఒక్క మొక్క ఉంచి మిగతావి పీకెయ్యండి. ఆ ఖాళీలో బీర పెట్టండి. ఇక్కడి వేసవి దానికి చాలదు, ఏప్రిల్‌లోనే ఇంట్లో కుండీల్లో మొలిపించాలి, పందిరి వెయ్యాలి, ఆగస్టు దాకా ఓపిక పట్టాలి. చెయ్యి మంచిదో కాదో అక్కడ తేలుతుంది. లేత బీరకాయలు దిగిన రోజు ఒక్క ఫోన్ కొట్టండి చాలు, సంచి తెచ్చుకుని మేమే వస్తాం.