సిగ్నల్ లేని చోటే సిసలైన చెస్

కంప్యూటర్ చెప్పిన ఎత్తును సొంత ఎత్తుగా వేయడమే చదరంగంలో దొంగాట. పరికరం దాచే చోటును బట్టి ఇది మూడు రకాలు.

తల పద్ధతి: 2006లో ఢిల్లీ టోర్నీలో ఒక ఆటగాడి టోపీలో బ్లూటూత్ దొరికింది. అఖిల భారత చెస్ సమాఖ్య అతణ్ణి పదేళ్లు నిషేధించింది.

కాళ్ల పద్ధతి: 2015లో అదే ఢిల్లీలో మరొకరు కాళ్లకు ఫోన్లు, చెవిలో బుల్లి స్పీకరు పెట్టుకుని ఆడారు. చివరికి కాళ్లబేరమే మిగిలింది.

మరుగుదొడ్డి పద్ధతి: ఇది పెద్దలది. 2015లో దుబాయ్‌లో, 2019లో స్ట్రాస్‌బర్గ్‌లో ఇద్దరు గ్రాండ్‌మాస్టర్లు దొడ్లో ఫోనుతో దొరికి హోదా పోగొట్టుకున్నారు.

ఫోనులోని చెస్ ఇంజిన్ ప్రపంచ చాంపియన్‌నే ఓడించగలదు. ఆరితేరిన ఆటగాడికి కీలక ఘట్టంలో ఒక్క సైగ చాలు. అందుకే ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే ఫోన్లను నిషేధించింది. నిర్వాహకులు మెటల్ డిటెక్టర్లు పెడుతున్నారు, ప్రసారాన్ని ఆలస్యం చేస్తున్నారు.

ఖమ్మం దాటి భద్రాచలం అడవి అంచుకు వెళ్తే ఈ ఖర్చేమీ ఉండదు. చర్ల, దుమ్ముగూడెం వైపు కొన్ని మారుమూల గూడేల్లో ఫోన్ మాట్లాడాలంటేనే గుట్టెక్కాలి. బయటి నుంచి ఎత్తులు అందించే తల, కాళ్ల పద్ధతులు అక్కడ పారవు. మరుగుదొడ్డి పద్ధతికి సిగ్నల్ అక్కర్లేదు గానీ మరుగుదొడ్డి కావాలి. అది సర్కారు లెక్కల్లో ఉన్నంతగా గూడేల్లో లేదు.

కనుక నిజాయితీ చెస్‌కు తగిన వేదిక ఈ ఏజెన్సీ ప్రాంతమే. ఏళ్ల తరబడి టవర్ వేయించని పాలకులే ఆ క్రీడకు అసలైన పోషకులు.