వదలడమే నా పని

అందరూ నన్ను బ్రేకనే అంటారు. నిజానికి నేను బ్రేకులో ఒక భాగాన్ని. వెనక చక్రం డిస్కును రెండు ప్యాడ్ల మధ్య నొక్కే క్యాలిపర్‌ని. ముందు చక్రం దగ్గరున్న మా అన్నకు, చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకు అది తప్పనిసరి. అయినా మా బండిలో ఆ వైభోగం ముందు చక్రానికే. నాకు కాలు ఎంత తొక్కితే అంత.

మాది అనంతపురం జిల్లాలో కణేకల్లు వైపు ఒక పల్లె. జిల్లాకు ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర. తుప్పు పట్టేంత నీళ్లు ఇక్కడెక్కడివి! నా శత్రువు దుమ్ము. ఆషాఢం గాలి లేచిందంటే వేదవతి ఏట్లోని ఇసుక చేలమీదికి వచ్చి దిబ్బలు కడుతుంది. ఉరవకొండ వైపు గాలిమరలకు ఆ గాలి అన్నం పెడుతుంది, నాకు మన్ను పెడుతుంది. నా జాతికి ఈ పగ పాతదే. 1902లో ఇంగ్లండులో లాంచెస్టర్ అనే ఇంజనీరు డిస్కు బ్రేకుకు పేటెంటు తీసుకున్నప్పుడు, ఆ కాలపు మట్టిరోడ్ల దుమ్ముకు ఆయన రాగి ప్యాడ్లు ఇట్టే అరిగిపోయేవట.

పట్టుకోవడం పెద్ద విద్యేం కాదు. పెడల్ తొక్కితే ఆయిల్ పిస్టన్‌ను తోస్తుంది. పిస్టన్ లోపలి ప్యాడ్‌ను డిస్కుకు ఆనిస్తుంది. అప్పుడు నేను రెండు పిన్నుల మీద పక్కకు జరిగి అవతలి ప్యాడ్‌ను కూడా లాక్కొస్తాను. మరి కాలు తీస్తే? వెనక్కి లాగడానికి నాలో స్ప్రింగు లేదు. పిస్టన్ చుట్టూ ఒక రబ్బరు సీలుంది. తొక్కినప్పుడు అది కాస్త మెలిపడుతుంది. ఒత్తిడి తగ్గగానే మళ్లీ తన రూపానికొస్తూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి తెస్తుంది. ఆ వెంట్రుకవాసి సందులోనే నా పనితనమంతా.

ఈ ఏడు ఆ సందు పోయింది. పిన్నుల రబ్బరు బూటు చిరిగి ఇసుక లోపలికి చేరింది, గ్రీజు ఎండి మడ్డి అయింది. జరగలేకపోయాను. లోపలి ప్యాడు డిస్కును రాసుకుంటూనే ఉండేది. మైలేజీ తగ్గిందని నాయన బంకు వాళ్లను తిట్టాడు. కొడుకు మాత్రం గేరు తీసి బండిని వాకిట్లో తోసి చూశాడు. ఎద్దు మొరాయించినట్టు ఆగింది. డిస్కు దగ్గర చెయ్యి పెట్టి, వేడికి చటుక్కున తీసేశాడు.

ఆదివారం వేపచెట్టు కింద డబుల్ స్టాండు వేశాడు. “షెడ్డుకు తోలకపోరాదా రా?” అన్నాడు నాయన. “మనింట్లోనే అయితాది నాయనా.” బోల్టులు విప్పి, గొట్టం మీద బరువు పడకుండా నన్ను తీగతో కట్టాడు. పళ్లు తోమే పాత బ్రష్షుతో, సర్ఫు నీళ్లతో రుద్దుతుంటే ఎర్రమన్ను ధారగా కారింది. “ఒక్క చెంబే ఇస్తా, మళ్లీ అడగొద్దు” అంది జేజి. ఆమె లెక్క ఆమెది.

పెడల్‌ను మెల్లగా నొక్కి పిస్టన్‌ను కాస్త బయటికి రప్పించాడు. అంచు చుట్టూ గోధుమరంగు పొర గట్టిపడి ఉంది. నాయన గరుకు కాగితం తెచ్చాడు. వద్దన్నాడు కొడుకు. పిస్టన్ మీద గీత పడితే సీలు కారుతుంది. బ్రేక్ ఆయిల్ తడిపిన బట్టతోనే ఓపిగ్గా తుడిచాడు. నాయన బండిచక్రాల గ్రీజు డబ్బా తెచ్చినా అదే మాట. ఆ గ్రీజుకు నా రబ్బరు ఉబ్బిపోతుంది. పిన్నులకు సిలికాన్ గ్రీజు పూసి, కొత్త బూట్లు తొడిగాడు. వేలితో తోస్తే అటూ ఇటూ జారాను. ప్యాడ్లు రెండూ కొత్తవే వేశాడు.

ఇక ఆయిల్. పైకి నూనెలా కనిపిస్తుందే గానీ డాట్ 4 అనే ఈ బ్రేక్ ఆయిల్ నూనె కాదు, గాలిలోని తేమను తాగే ద్రవం. ఈ కరువు సీమలో కూడా దానికి తాగడానికి దొరుకుతూనే ఉంటుంది! కొత్తది 230 డిగ్రీల లోపు మరగకూడదు. 3.7 శాతం నీరు చేరాక 155 డిగ్రీలు నిలబడితే చాలని ప్రమాణమే ఒప్పుకుంటుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు తొక్కిపట్టి ఉంచితే అది మరిగి ఆవిరవుతుంది, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. అందుకే రెండేళ్లకోసారి మార్చమంటారు.

నాయన పెడల్ దగ్గర కూర్చున్నాడు. “తొక్కి పట్టుకో. నేను బిగించిందాకా వదలొద్దు.” నిపుల్ వదులు చేయగానే టీ రంగు ఆయిల్ సన్న గొట్టంలోంచి బుడగలతో దిగింది. పైన డబ్బాలో కొత్తది పోస్తూ, బుడగలు ఆగిందాకా అదే పని. పెట్రోలు ట్యాంకు మీద పడిన చుక్కను జేజి చెంబులో మిగిలిన నీళ్లతో వెంటనే కడిగాడు, లేకుంటే రంగు లేచిపోయేది.

ఊరి బయటి ఖాళీ రోడ్డు మీద మెల్లమెల్లగా తొక్కుతూ కొత్త ప్యాడ్లకు డిస్కును అలవాటు చేశాడు. తిరిగొచ్చి తాకి చూస్తే డిస్కు గోరువెచ్చగా ఉంది, అంతే. ఇంతవరకూ బాగానే ఉంది. మూత తీసిన డాట్ 4 సీసాలో సగం మిగిలింది. కొడుకు పారేద్దామన్నాడు. డబ్బులిచ్చి కొన్నదాన్ని పారేసే అలవాటు ఆ ఇంట్లో లేదు. నాయన దాన్ని గూట్లో దాచాడు, వచ్చేసారి నాకు పోద్దామని.