కృష్ణమ్మ నాలోంచే వెళ్తుంది

నేను డీఐ (డక్టైల్ ఐరన్) పైపును. గిర్రున తిరిగే అచ్చులో కరిగిన ఇనుము పోస్తే ఐదున్నర మీటర్ల పొడవున తయారయ్యాను. తుప్పు పట్టకుండా లోపల సిమెంటు పూత పూశారు. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పనులు జోరుగా సాగుతున్న రోజుల్లో లారీకెక్కి నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు వచ్చాను.

అక్కడి రాతిలోనే ఫ్లోరైడ్ ఉంది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. చాలా బోర్లలో అంతకు మించే ఉండేది. రంగూ రుచీ చూసి పట్టలేం. కాచినా పోదు, నీరు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. అవే నీళ్లు తాగి పిల్లల పళ్లు గారపట్టాయి, పెద్దల నడుములు వంగిపోయాయి.

కందకం గట్టున కర్ర ఊతంగా నిలబడ్డ ఓ ముసలాయన అడిగాడు, "ఏం నీళ్లు బిడ్డా?"

"కృష్ణ నీళ్లు తాతా" అన్నాడు ఫిట్టరు.

వంగిన ఎముక మళ్లీ సరికాదు. ఆయనకా సంగతి తెలుసు. అయినా పొద్దుగూకేదాకా అక్కడే ఉన్నాడు.

కందకం నిండా బండ. ఇసుక పరిచి నన్ను దించారు. ఫిట్టరు నా సాకెట్ గాడిని గుడ్డతో తుడిచి, చుట్టూ వేలితో తడిమి, మళ్లీ తుడిచాకే రబ్బరు రింగు కూర్చోబెట్టాడు. రింగు కింద ఇసుక రేణువు చిక్కినా జాయింటు కారుతుంది. ఆ తడిమిన వేలి మీద నాకెంతో గౌరవం.

నాగార్జునసాగర్‌లోని కృష్ణ నీళ్లను పుట్టంగండి దగ్గర మోటార్లు ఎత్తి అక్కంపల్లి రిజర్వాయరుకు పంపుతాయి. పటిక వేసి, వడగట్టి, క్లోరిన్ కలిపాక ఎత్తైన ట్యాంకుల్లోకి తోడతారు. అక్కణ్నుంచి పల్లానికి నీరు తనంతట తానే దిగుతుంది. పల్లెలో మనిషికి రోజుకు 100 లీటర్లు ఇవ్వాలని లెక్క.

నాకున్న భయమల్లా ఒకటే. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు జేసీబీ పళ్లు తగిలి లైను పగిలితే నల్లా ఆగిపోతుంది. పాత బోరు ఊళ్లోనే ఉంది కదా, దాహం వేసినవాళ్లు బిందెతో అటే నడుస్తారు. మరమ్మతుకు వారం పడితే ఆ వారమంతా పిల్లలు తాగేది మళ్లీ ఆ నీళ్లే. మట్టి తవ్వబోయే ముందు నీళ్ల లైన్‌మన్‌ను పిలవండయ్యా. నేను ఎక్కడున్నానో అతనికి తెలుసు.