గులాబీ ఈస్టు సొంత కథ

ఎప్పుడు పుట్టిందో దానికే తెలీదు. ఆకుల మీదా, పండ్ల తొక్కల మీదా, గాలిలోనూ బతికే సంతతి, పేరు రోడోటోరులా. కెరోటినాయిడ్ల వల్ల ఒళ్లంతా గులాబీ రంగు. ఊరేదని అడిగితే మాత్రం శ్రీకాకుళం జిల్లా ఉద్దానం అని ఠక్కున చెబుతుంది.

మార్చి నుంచి మే దాకా పలాస, వజ్రపుకొత్తూరు, మందస జీడితోటల్లో దానికి పండగే. రైతు పిక్క తీసుకుని పండును చెట్టు కిందే వదిలేస్తాడు. బజారులో ధర పిక్కకే, అదీ 80 కిలోల బస్తా లెక్కన. పండులో నూటికి పది పాళ్లు చక్కెర ఉన్నా ఏం లాభం? తింటే వగరు, ఉంచితే ఒకట్రెండు రోజుల్లో కుళ్లు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తోటల్ని కూల్చినప్పుడు రైతుతో పాటు తన ఇల్లూ పోయిందని వాపోతుంది.

దీని దాయాది కల్లును పులియబెట్టి పేరు తెచ్చుకుంది. గులాబీ ఈస్టుకు మాత్రం ఆ విద్య రాదట, దాని విద్య వేరు. చక్కెర దండిగా ఉండి నత్రజని తక్కువైతే దాని కణాలు పెరగడం మానేసి, కరువుకు ముందే గాదె నింపుకునే రైతులా నూనె దాచుకుంటాయి. పొడి బరువులో సగం దాకా నూనే! మొదటి ప్రపంచ యుద్ధంలో కొవ్వుకు కటకటలాడిన జర్మనీ ఇలాంటి ఈస్టులనే ఆశ్రయించింది.

ఆ నూనెలో మిథనాల్, కాస్త క్షారం కలిపి వేడిచేస్తే బయోడీజిల్ పైకి తేలుతుంది, గ్లిజరాల్ అడుగుకు దిగుతుంది. కాకినాడలోని బయోడీజిల్ కర్మాగారంలో పామాయిల్ సరుకుతో, జంతు కొవ్వుతో చేసేదీ ఇదే పని. అక్కడ మిగిలే గ్లిజరాల్ కూడా తనకు తిండేనని లొట్టలేస్తుంది.

లెక్క చూద్దాం. పండు బరువు పిక్కకు ఎనిమిది రెట్లదాకా ఉంటుంది. బస్తా పిక్కల వెనక ఆరు క్వింటాళ్ల పండు, అందులో రసం తీయగా దక్కే చక్కెర నలభై కిలోలనుకుందాం. అయిదో వంతు నూనెగా మారినా ఎనిమిది కిలోలు. అంతా సవ్యంగా సాగితేనే సుమా!

సవ్యంగా సాగనివ్వనివీ ఉన్నాయి. ట్యాంకులోకి రాత్రింబవళ్లు గాలి కొట్టాలి, కరెంటు ఖర్చు. కణం గోడ గట్టిది, బద్దలు కొడితేగాని నూనె రాదు. పండ్లు మూడు నెలలే, మిగతా కాలం గ్లిజరాల్ మేపాలి.

2030కి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలని 2018 నాటి జాతీయ విధానం చెబుతోంది. అందుకు ఈ ఈస్టు నూనె ఎంత తోడవుతుందో చూడాలంటే ఎచ్చెర్ల విశ్వవిద్యాలయం విద్యార్థులు ఈ వేసవిలో ఉద్దానం వెళ్లి, నేలరాలిన జీడిపండ్లను గోనెసంచిలో ప్రయోగశాలకు తెచ్చుకోవాలి.