వీరులంతా కిందే ఉన్నారు

వేసవి సెలవులొచ్చాయి. పిల్లల్ని ధైర్యవంతుల్ని చేసే సీజన్ మొదలైంది.

ఏడాది పొడుగునా "పరిగెత్తకు, పడతావ్", "చెట్టెక్కావంటే కాళ్లిరగ్గొడతా", "సైకిల్ గేటు దాటిందో, చూడు" అంటూ పెంచుతాం. మే నెల రాగానే అదే బిడ్డను థీమ్ పార్కుకు లాక్కెళ్లి, కుర్చీలో బిగించి, ఆకాశంలోకి విసిరేస్తాం. వాడు బిక్కమొహం వేస్తే ఏమంటాం? "ఛీ, పిరికిపంద!"

ఎవరండీ పిరికిపంద?

మా బావ సంగతే చూడండి. సెలవు చీటీ పట్టుకుని మేనేజర్ గదిలోకి వెళ్లడానికి మూడు రోజులు రిహార్సల్ వేసుకునే మనిషి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కరెంటు వైర్లు పిల్లల తలల మీద వేలాడుతుంటే, అసోసియేషన్ ప్రెసిడెంటుకు చెప్పడానికి నోరు పెగలని మనిషి. మొన్న పార్కు గేటు దగ్గర తొమ్మిదేళ్ల కొడుకు భుజం మీద చెయ్యేసి అన్నాడు కదా, "భయమనేది మన ఇంటావంటా లేదురా!"

అక్క నా వైపు చూసింది. నేను ఆకాశం వైపు చూశాను.

ఆ పార్కులో పిల్లల టికెట్ ఎత్తును బట్టి ఇస్తారు. కౌంటర్ పక్కన గోడ మీద ఒక గీత. మావాడు వయసుకు మించిన పొడుగు. బావ వాడి చెవిలో ఊదాడు: "కొంచెం మోకాళ్లు వంచరా." వంచాడు. నాలుగు డబ్బులు మిగిలాయి. అరగంట తర్వాత పెద్ద రైడ్ దగ్గర ఇంకో గీత. కనీసం ఇంత ఎత్తుంటేనే ఎక్కాలట. బావ మళ్లీ చెవి దగ్గరికి వంగాడు: "కొంచెం మునివేళ్ల మీద నిలబడరా."

అరగంటలో అంత ఎదిగిన బిడ్డ మా వంశంలో వీడొక్కడే.

ఆ రెండో గీత ఎందుకు గీశారో బావకు పట్టదు. ఒడిలోకి దిగే కడ్డీ, భుజాల మీద పడే పట్టీ ఒక కొలత శరీరాన్ని లెక్కలో పెట్టుకుని చేసినవి. అంతకంటే చిన్న ఒళ్లు కూర్చుంటే సందు మిగులుతుంది. మునివేళ్లు గీతను దాటిస్తాయి. ఆ సందును పూడుస్తాయా? అదృష్టం కొద్దీ గేటు దగ్గరి కుర్రాడికి కళ్లున్నాయి. "మడమలు దించు తమ్ముడూ" అన్నాడు. బావకు అవమానమైంది. పిల్లాడు మాత్రం ఆ కుర్రాడిని దేవుణ్ని చూసినట్టు చూశాడు.

పెద్దది పోతే పోయింది, చిన్నదైనా ఎక్కించాలి కదా! టికెట్ డబ్బులు గిట్టాలి కదా! గిర్రున తిరిగే గిన్నెల రైడ్ దగ్గర బావ ఒక హామీ ఇచ్చాడు. "ఒక్క రౌండే రా. భయమేస్తే ఒక్క కేక వెయ్. నే ఆపించేస్తా."

ఎవరితో చెప్పి ఆపిస్తాడు? ఏ మీట నొక్కి ఆపిస్తాడు? ఆలోచించి ఇస్తే దాన్ని హామీ అని ఎందుకంటారు?

పిల్లాడు నమ్మాడు. ఎక్కాడు. రెండో రౌండుకే "ఆపు నాన్నా!" అని కేక. నాన్న కింద నిలబడి ఫోన్ పైకెత్తి వీడియో తీస్తున్నాడు. మూడో రౌండుకి "నాన్నా!" నాన్న చెయ్యూపాడు. నాలుగో రౌండుకి కేక కూడా లేదు. రైడ్ ఆగేలోపే వీడియో స్టేటస్‌కి ఎక్కింది. కింద రాత: 'మై బ్రేవ్ బాయ్'.

బ్రేవ్ బాయ్ దిగాడు. మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. ఒక్క మాటే అన్నాడు. "ఆపిస్తానన్నావుగా."

అదండీ మనం నేర్పిన ధైర్యం. భయం ఉన్నచోటే ఉంది. నమ్మకం ఒక్కటే పోయింది.

ఈ వ్యవహారం శాస్త్రానికి కొత్తేమీ కాదు. నూరేళ్ల కిందటే తేలిపోయింది. 1920లో అమెరికాలో జాన్ వాట్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక పసివాడి ముందు తెల్ల ఎలుకను వదిలాడు. వాడు ముట్టుకోబోయినప్పుడల్లా వెనక ఇనుప కడ్డీ మీద సుత్తితో ఠంగుమని మోత. అంతకుముందు ఎలుకంటే జంకు లేని పిల్లాడు, ఆ తర్వాత అది కనపడితేనే ఏడ్చాడు. భయం నేర్పడం అంత తేలిక.

మరి పోగొట్టడం? 1924లో మేరీ కవర్ జోన్స్ ఆ దారి చూపింది. పీటర్ అనే పిల్లాడికి కుందేలంటే హడల్. ఆమె వాణ్ని తిట్టలేదు. కుందేలును తెచ్చి ఒళ్లో పడేయలేదు. వాడికి ఇష్టమైనది తినిపిస్తూ, బోనులోని కుందేలును దూరంగా పెట్టి, విడతకు కొంచెం చొప్పున దగ్గరికి జరిపింది. చివరికి వాడే చెయ్యి చాచి కుందేలును నిమిరాడు.

మన తండ్రులది ఏ పార్టీ? వాట్సన్ పార్టీ. చేతిలో సుత్తి లేదంతే. ఆ పని నోరు చూసుకుంటుంది.

"మగపిల్లాడివి కాదూ?" ఠంగ్! "పక్కింటి పాప చూడు ఎలా ఎక్కిందో!" ఠంగ్! "నీ మూలాన అందరి సరదా పాడైంది." ఠంగ్, ఠంగ్!

కొందరు పిల్లలు పుట్టుకతోనే ఇంతని, కొత్తది కనపడితే ఒక అడుగు వెనక్కేసి చూస్తారని హార్వర్డ్ ఆచార్యుడు జెరోమ్ కేగన్ ఏళ్ల తరబడి పిల్లల్ని గమనించి చెప్పాడు. అది జబ్బు కాదు. ఎగబడేవాడు ఒక రకం, ఆగి చూసేవాడు ఒక రకం. రెండో రకం ఇంటికొకడు ఉండాలి మహాప్రభో! లేకపోతే అప్పు యాప్‌లో వేలు నొక్కే ముందు షరతులు చదివేదెవడు? చిట్‌ఫండ్ వాడు నూటికి పది ఇస్తానంటే 'ఎక్కణ్నుంచి తెచ్చిస్తావు' అని అడిగేదెవడు?

మావాడు అడిగే రకమే. ఈ పార్కుకు రెండు వారాల ముందు మా ఊళ్లో ఎగ్జిబిషన్. మిరపకాయ బజ్జీలు, ఢిల్లీ అప్పడాలు, మృత్యుబావి, జెయింట్ వీల్, టోరా టోరా. పడవలా ఊగే కొలంబస్ దగ్గర వాడు ఆగిపోయాడు. పెదాలు కదుపుతూ ఊపులు లెక్కపెట్టాడు. తర్వాత నా వేలు లాగాడు.

"మామయ్యా, ఆ చివరి సీటు కడ్డీకి తాడెందుకు కట్టారు?"

చూశాను. నీలం రంగు నైలాన్ తాడు. గడి ఉండాల్సిన చోట రెండు ముడులు. బట్టలారేసుకునే తాడు, మనుషుల్ని ఆరేస్తోంది. ఆపరేటర్ ఒక చెయ్యి లివర్ మీద, ఇంకో చెయ్యి ఫోన్ మీద. వాడి నెత్తిన పెద్ద బోర్డు: 'మీ భద్రతే మా ధ్యేయం'. కింద చీమ తలకాయంత అక్షరాల్లో: 'జరిగే నష్టానికి యాజమాన్యం బాధ్యత వహించదు'. ధ్యేయం వాళ్లది, బాధ్యత మనది. ఎంత చక్కటి పంపకం!

"వీడికి ప్రతిదానికీ ఒక సాకు" అన్నాడు బావ.

సాకా? 2019 జులైలో అహ్మదాబాద్ కాంకరియాలో లోలకంలా ఊగే రైడ్ విరిగిపడి ఇద్దరు పోయారు. 2022 సెప్టెంబర్‌లో మొహాలీ ఎగ్జిబిషన్‌లో పైకెళ్లిన రైడ్ జనంతో సహా దభీమని నేలకు కొట్టుకుంది. 2024 మే నెలలో రాజ్‌కోట్ గేమ్ జోన్‌లో మంటలు. పిల్లలతో సహా 27 మంది బలి. దానికి అగ్నిమాపక శాఖ ఎన్‌వోసీయే లేదు. మన నాంపల్లి నుమాయిష్‌లో 2025 జనవరిలో ఒక రైడ్ జనాన్ని తలకిందులుగా వేలాడదీసి మొరాయించింది. తొమ్మిదేళ్లవాడు తాడు చూసి అడిగితే మాత్రం సాకు!

ప్రతిసారీ తర్వాత ఏం జరుగుతుందో మీకు తెలియనిదా? దిగ్భ్రాంతి. విచారణకు ఆదేశం. కమిటీ. ఎక్స్‌గ్రేషియా. నాలుగు రోజులు ఊళ్లోని రైడ్లన్నీ బంద్. ఐదో రోజు అన్నీ ఫిట్. గుండ్రంగా తిరిగేది జెయింట్ వీల్ ఒక్కటే అనుకుంటాం. ఫైలూ తిరుగుతుంది. ఎక్కడ బయల్దేరిందో సరిగ్గా అక్కడికే వచ్చి దిగుతుంది.

ఈ రైడ్ల భద్రతకు మన బీఐఎస్ వారి ప్రమాణం కూడా ఉందండోయ్. ఐఎస్ 15475. పుస్తకంలో భేషుగ్గా ఉంది. బోల్టులో ఉందా? అది చూసి సంతకం పెట్టాల్సిన దొరగారు రైడ్ దాకా వచ్చారా, లేక రైడే దొరగారి టేబుల్ దాకా వెళ్లిందా? వసూలు దగ్గర మాత్రం ఇలాంటి మతిమరుపు ఉండదు. జీఎస్టీ వచ్చిన కొత్తలో థీమ్ పార్కు టికెట్ మీద 28 శాతం. 2018 జనవరిలో దయతలచి 18 చేశారు. పిల్లాడి కేకలో సర్కారుకు వాటా ఉంది. కడ్డీకి కట్టిన తాడులో మాత్రం లేదు.

అయితే పిల్లల్ని అసలు ఎక్కించొద్దా? అదీ తప్పే. తప్పించుకున్నకొద్దీ భయం బలుస్తుంది. ఎక్కించాలి. కానీ మెట్టు మెట్టుగా. 1884లో న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో థాంప్సన్ అనే ఆయన నడిపిన రోలర్ కోస్టర్ వేగమెంతో తెలుసా? గంటకు పది కిలోమీటర్లు. పాలవాడి సైకిల్ దాన్ని దాటేస్తుంది. మానవజాతి అంతా అలా మొదలెట్టిందండీ. మా బావ కొడుకు ఒక్కడే నేరుగా చుక్కల దగ్గర మొదలెట్టాలి!

ఇక పార్కులో మా అక్క ఏం చేసిందో చెబుతాను. ముందు బావ చేతిలో ఫోన్ లాక్కుని హ్యాండ్‌బ్యాగ్‌లో పడేసింది. అక్కడ సగం భయం పోయింది. రెండు మొక్కజొన్న పొత్తులు కొని, అక్కడి కొలంబస్ ఎదురుగా బెంచీ మీద కొడుకుతో కూర్చుంది. ఎక్కమని అనలేదు. చూస్తూ తిన్నారు.

"దిగేవాళ్ల మొహాలు చూడు" అంది. నవ్వేవాళ్లే ఎక్కువ. "చివరి సీట్లు బాగా ఎత్తుకెళ్తాయి. మధ్యవి అంత ఊగవు" అంది. వాడు చూసి తలూపాడు. "మరి కడుపులో జారినట్టుంటుందే?" అన్నాడు. "ఉంటుంది. పడవ కిందికి జారేటప్పుడు కింద ఆసరా తగ్గినట్టవుతుంది. చెవి లోపల తూకం చూసేదొకటి ఉంటుంది. అది 'పడిపోతున్నాం' అని మెదడుకు కబురు పెడుతుంది. అరవాలనిపిస్తే అరువు. నేనూ అరుస్తా."

తర్వాత ఒప్పందం. "మెట్లదాకా వెళ్దాం. వద్దనిపిస్తే వెనక్కొచ్చేద్దాం. ఒక్క మాట అనను. కానీ కూర్చుని కడ్డీ పడ్డాక మధ్యలో ఆగదు. అది నా చేతిలో లేదు."

చూశారా? చేతిలో లేనిదాన్ని లేదని చెప్పింది. ఇలాంటి మాట మీరు ఈ మధ్య ఎవరి నోటైనా విన్నారా? మైకు ముందు?

వాడు లైన్లో నిలబడ్డాడు. మెట్లదాకా వెళ్లాడు. "వద్దు" అన్నాడు. అక్క వెనక్కి తీసుకొచ్చింది. ఒక్క మాట అనలేదు. మళ్లీ వెళ్లారు. మళ్లీ "వద్దు". వెనక నుంచి ఎవరో "ఏంటమ్మా ఈ గోల" అన్నారు. బావ వాచీ చూసుకున్నాడు. అక్క చలించలేదు. వాడు పరీక్షిస్తున్నది రైడ్‌ను కాదు, అమ్మ మాటను. రెండుసార్లు లాగి చూశాడు. తెగలేదు.

మూడోసారి ఎక్కాడు. మధ్య సీటు. కడ్డీ పడగానే రెండు చేతులతో పట్టుకుని మూడుసార్లు ఊపి చూశాడు. అప్పుడు కూర్చున్నాడు. పడవ లేచింది. అక్క అరిచింది. వాడు అరిచాడు. నేనూ బావా కింద నిలబడ్డాం. చేతిలో ఫోన్ లేకపోయేసరికి బావ కొడుకు మొహం చూడాల్సొచ్చింది.

దిగుతూనే "అమ్మా, ఇంకోసారి!" అన్నాడు.

"చాల్లే, టైమైపోయింది" అన్నాడు బావ. ధైర్యం రావడానికి కూడా వేళాపాళా ఉండాలి మరి!

తిరుగు ప్రయాణంలో వాడు నా పక్కన కూర్చున్నాడు. "మామయ్యా, ఇక్కడ కడ్డీ కదల్లేదు తెలుసా?"

"చూశాన్రా."

"మనూరి ఎగ్జిబిషన్‌లో తాడుంది కదా, వాళ్లకి చెప్పావా?"

నేను నీళ్లు నమిలాను. పేపర్లలో ఇలా నిప్పులు కురిపించేవాణ్ని కదా, చెప్పే ఉండాలి. "అది పైవాళ్ల మనుషులదిరా. ఇంకో పది రోజుల్లో ఎత్తేస్తారు కూడా. ఎందుకొచ్చిన గొడవలే అని..."

వాడు నా మొహంలోకి చూశాడు. వెక్కిరింపు లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. "భయమేసిందా మామయ్యా?"

నేను కిటికీ వైపు తిరిగాను. కాసేపటికి నా చెయ్యి మీద చిన్న చెయ్యి పడింది.

"ఏం కాదులే. రేపు మెట్లదాకా వెళ్దాం. వద్దనిపిస్తే వెనక్కొచ్చేద్దాం. నేనొక్క మాట అనను."