రేపటి వాకర్లకు కొన్ని సూచనలు

పొద్దున్నే లేచి నడిచేవాళ్ళు ఊళ్ళో బోలెడుమంది. లుంగీ మీదే పాల ప్యాకెట్టుకు బయల్దేరి పనిలో పనిగా రెండు వీధులు చుట్టొచ్చేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకో పద్ధతీ పాడూ లేదు. మనం అలా కాదు. చేస్తే వంక పెట్టడానికి వీల్లేకుండా చెయ్యాలి, లేదా మానెయ్యాలి. ఈ సూచనలు ముఖ్యంగా ఆ రెండోదానికి పనికొస్తాయి.

ముందు మంచిరోజు చూసుకోండి. ఇవాళ బుధవారమైతే ఆ ఊసే ఎత్తకండి. వారం మధ్యలో మొదలెట్టిన పని ఎవరికైనా అచ్చొచ్చిందా? సోమవారం మేలు, ఒకటో తారీఖు ఇంకా మేలు. ఆ రెండూ కలిసొచ్చే నెల దాకా ఆగగలిగితే మీ అంతవారు లేరు. ఈలోగా ఆషాఢం వచ్చిందా, శూన్యమాసం. మూఢం వచ్చిందా, సరేసరి. పెళ్ళిళ్ళకు పనికిరాని రోజులు మోకాళ్ళకు మాత్రం పనికొస్తాయా? చాదస్తమని ఎవరైనా నవ్వితే అమెరికా పేరు చెప్పండి. 2014లో హెంగ్‌చెన్ డాయ్, కేథరిన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ అనే పరిశోధకులు లెక్కలు తీస్తే, వారం మొదట్లో, నెల మొదట్లో, సంవత్సరం మొదట్లో జిమ్ముకు వచ్చేవాళ్ళు పెరుగుతున్నారని తేలింది. అంటే మన ముహూర్తాల పిచ్చి వాళ్ళకూ ఉంది, పంచాంగమే లేదు.

తర్వాత సరంజామా. తడి పాదం పాత పేపరు మీద ఆనించి అరికాలి వంపు ఎంతుందో చూసుకోండి. ఆ అచ్చును ఫొటో తీసి, నడక సంగతులు తెలిసిన బావమరిదికి పంపండి. అతను "వంపు తక్కువే బావా" అంటాడు. ఇక ఆ వంపుకు తగిన బూట్లు దొరికేదాకా గడప దాటడం ప్రమాదం. బూట్లొచ్చాక అడుగులు లెక్కపెట్టే వాచీ కావాలి. వాచీ వచ్చాక దాని పట్టీ కొంచెం ఒరుసుకుంటుంది. ఇలా ఒకటి రెండు నెలలు చాలా శ్రద్ధగా గడపొచ్చు.

వాచీ చెప్పే పదివేల అడుగుల లెక్కను మాత్రం వేదంలా నమ్మండి. అది ఏ వైద్యుడూ రాసిచ్చింది కాదు. టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటేడు, 1965లో, ఒక జపాన్ కంపెనీ అడుగులు కొలిచే యంత్రం అమ్ముకోవడానికి దానికి పెట్టుకున్న పేరు. పదివేల అడుగుల మీటరని అర్థం. పోతే 2019లో ఐ-మిన్ లీ అనే హార్వర్డ్ పరిశోధకురాలి బృందం వయసు మళ్ళిన ఆడవాళ్ళను పరిశీలించి ఒక లెక్క చెప్పింది. రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్ళకన్నా 4,400 వేసేవాళ్ళలో మరణాలు తక్కువట, 7,500 దాటాక పెద్దగా తేడా లేదట. ఈ లెక్క మీ కంట పడకుండా చూసుకోండి. 4,400 అడుగులంటే రైతుబజారుకెళ్ళి, వంకాయలు బేరమాడి, మర్చిపోయిన కొత్తిమీర కోసం మళ్ళీ వెళ్ళొస్తే దాదాపు అయిపోతాయి. అందులో మన గొప్పేముంది?

సరే, ఏదో ఒక సోమవారం మొదలెట్టారు. రెండో వారంలో ఒకనాడు తెల్లవారుజామున వాన పట్టుకుంటుంది. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది, నిదానంగా చదవండి. అయిదింటికి అలారం మోగుతుంది. లేచి కిటికీలోంచి చూస్తారు, మళ్ళీ పడుకుంటారు. ఇంతవరకు ఎవరైనా చేస్తారు. ఆరున్నరకు వాన వెలుస్తుంది. ఆవిడ కాఫీ గ్లాసు చేతికిస్తూ, "వాన తగ్గిందండీ. మన అపార్ట్‌మెంటు చుట్టూ ఓ పది నిమిషాలు తిరిగి రాకూడదూ?" అంటుంది. పొరపాటున కూడా సరే అనకండి. "పది నిమిషాలదీ ఒక నడకేనా? ముప్పావుగంట లేనిదే కొవ్వు కదలదు" అనండి. ఎవరు చెప్పారని అడిగితే కాఫీలో పంచదార ఎక్కువైందనండి.

ఒక పూట పోయింది కాబట్టి రోజంతా పోయినట్టే. ఉప్మా పెసరట్టు రెండోది వేయించుకోండి, సాయంత్రం మిరపకాయ బజ్జీలు తెప్పించుకోండి. దీనికీ శాస్త్రం ఉంది. 1975లో హెర్మన్, మాక్ అనే ఇద్దరు, తిండి తగ్గించుకుంటున్నవాళ్ళలో కొందరికి ముందుగా మిల్క్‌షేక్ తాగించి, ఆ తర్వాత ఐస్‌క్రీం రుచి చూడమన్నారు. మిల్క్‌షేక్ తాగినవాళ్ళు తాగనివాళ్ళకన్నా ఎక్కువ లాగించారు. ఎలాగూ నియమం చెడింది, ఇంకెందుకు మొహమాటం? మర్నాడు ఆకాశం నిర్మలంగా ఉన్నా లేవకండి. మాల వేసుకున్న స్వామికి నియమం తప్పితే దీక్షాభంగం అయినట్టే, మీకూ అయిపోయింది. మళ్ళీ మంచిరోజు చూసుకోవాల్సిందే.

ఇరవై ఒక్క రోజుల్లో ఏ అలవాటైనా పడుతుందనే మాట ఇక్కడ చక్కగా అక్కరకొస్తుంది. మాక్స్‌వెల్ మాల్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్, తన రోగులకు కొత్త ముఖం అలవాటుపడడానికి కనీసం అన్ని రోజులు పడుతోందని 1960లో ఒక పుస్తకంలో రాశాడు. ఆ 'కనీసం' దారిలో ఎక్కడో జారిపోయి, ముక్కు లెక్క నడక లెక్కయింది. 2009లో లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించింది. దాన్నిబట్టి వాళ్ళు కట్టిన అంచనా ప్రకారం అలవాటు పడడానికి సగటున 66 రోజులు, మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా. పైగా మధ్యలో ఒక్కసారి మానితే కొంపేమీ మునగదట. ఈ చివరి ముక్క ఇంట్లో తెలిస్తే మన వాన కబురు చెల్లదు, జాగ్రత్త.

ఇంకో ప్రమాదం కింది ఫ్లాటులో ఉంటుంది. అక్కడ రామకోటి రాసే పిన్నిగారు ఒకావిడ ఉంటారు. రోజుకు వెయ్యి చొప్పున రాస్తే కోటి పూర్తవడానికి ఇరవై ఏడేళ్ళు దాటుతుంది. అంత పనికి దిగినావిడ పుస్తకం ఎలా ఉండాలి? తీసి చూడండి. ఎర్రసిరా పేజీ మధ్యలో అయిపోతే నీలంతో రాసేసింది. రైల్లో రాసిన గళ్ళలో 'శ్రీ'లు అటూ ఇటూ ఊగుతున్నాయి. ఒక మూల పసుపు వేలిముద్ర. "నాలుగు రోజులు జ్వరమమ్మా, పెన్ను పట్టలేదు" అంటూ అయిదో రోజు పక్క గడిలోంచి అందుకుంది! కొత్త పుస్తకం లేదు, మంచిరోజు లేదు, కనీసం సిగ్గు లేదు. నిండిన పుస్తకాలు మూటగట్టి భద్రాచలం పంపిస్తుందట. అక్షరాలు గుండ్రంగా లేవని అక్కడి రాముడు తిప్పి పంపిన దాఖలా లేదు కాబట్టి ఆవిడకు బుద్ధొచ్చే దారి కూడా లేదు. మీరు లిఫ్టులోనే వెళ్ళిపోండి. మెట్లు దిగితే ఆవిడ గుమ్మం తగులుతుంది, పైగా ఆ మెట్లెక్కి దిగడం కూడా నడక కిందికే వస్తుంది.

ఇక బూట్లు. ఊరికే పడుంటే మిమ్మల్ని వెక్కిరిస్తాయి కాబట్టి ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టెయ్యండి. 'దాదాపు కొత్తవి' అని రాయండి, అందులో అబద్ధమేం లేదు. ఫొటోకు వెలుతురు సరిగ్గా పడాలి, కాస్త ఆలస్యమైనా ఫర్వాలేదు. కొనడానికొచ్చినాయన మడమ నొక్కి చూసి, అట్ట అడుగున వాసన చూసి, అంతా బాగానే ఉంది గానీ లేసు రంగు కుదర్లేదంటే బేరం ఆపెయ్యండి. లోపలికి పిలిచి కూర్చోబెట్టి కాఫీ ఇవ్వండి. మనవాడే.