గెడ్డకో జెండా ఇప్పించండి

విశాఖ సముద్రం మన మీద ఫిర్యాదు చేస్తే అది కృతఘ్నత. ఇన్ని మర్యాదలు ఏ ఊళ్లో జరుగుతాయి? పొద్దున్నే యంత్రం వచ్చి ఇసుకను దువ్వుతుంది. బయటి హార్బరు గోడలు ఉత్తరానికి పోయే ఇసుకను ఆపేస్తే, డ్రెడ్జరుతో తవ్వి తెచ్చి ఆర్కే బీచ్‌లో పోస్తున్నాం. 2022 ఆగస్టు 26న 20 వేల మందికి పైగా జనం తీరమంతా నడుములు వంచి 76 టన్నుల ప్లాస్టిక్ ఏరారు. అదే రోజు అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి రాష్ట్రమంతటా ప్లాస్టిక్ ఫ్లెక్సీలు నిషేధిస్తామన్నారు. ఫ్లెక్సీల మీది నాయకులు అప్పుడూ నవ్వుతూనే ఉన్నారు, ఇప్పుడూ నవ్వుతూనే ఉన్నారు.

ఇంత చేశాక కూడా కొందరు గిట్టనివాళ్లు గెడ్డల సంగతి ఎత్తుతారు.

గెడ్డ అంటే కొండల మీద పడ్డ వాన సముద్రానికి చేరే దారి. వానల్లో పొంగి, ఎండల్లో ఎండాలి. మనవాళ్ల పుణ్యమా అని ఇప్పుడు నగరంలో గెడ్డలు రోహిణి కార్తెలోనూ గలగలా పారుతున్నాయి. చుక్క వాన లేకుండా జీవనదిని ఎలా పుట్టించాలో అనంతపురం రైతులు ఒకసారి వచ్చి చూసి వెళ్లాలి. భూగర్భ డ్రైనేజీ అందని ఇళ్ల నుంచి వచ్చేదంతా వీటి పాలే. ఆ మురుగును తినే బ్యాక్టీరియా నీళ్లలో ఆక్సిజన్ కూడా తాగేస్తుంది. చేపలేమో ఓటర్లు కావు.

లోపలి హార్బరుది ఇంకో వైభోగం. 1933లో తెరిచారు. డాల్ఫిన్స్ నోస్ పక్కన సన్నటి కాలువ ఒక్కటే దానికీ సముద్రానికీ దారి. మేఘాద్రిగెడ్డ తెచ్చేదీ, ఊరు వదిలేదీ అందులో చేరితే కడిగి తీసుకుపోయే కెరటం అక్కడ ఉండదు. వచ్చింది వచ్చినట్టు అడుగున పేరుకుంటుంది. పోనీండి, అడుగున ఉన్నది ఫొటోలో పడదు.

పెద జాలరిపేట దగ్గర వల బాగుచేసుకుంటున్న ఓ పెద్దాయనను కదిపాను. "ఒకప్పుడు ఇక్కడే ఒడ్డుకాడ వలేస్తే కానాగంతలు పడేవి బాబూ. ఇప్పుడు దూరం ఎల్లాల. డీజిలుకే సరిపోతంది. ఒడ్డు మాత్రం మా బాగా తుడుస్తన్నారు" అన్నాడు. ఆఖరి మాట వ్యంగ్యమో కాదో నాకు తెలియలేదు. ఈ వృత్తిలో ఆయన నాకు పోటీ వచ్చేలా ఉన్నాడు.

మందు మాత్రం దొరికింది. శుభ్రమైన తీరాలకు డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్ నుంచి ఓ సంస్థ ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో రుషికొండ బీచ్‌కు వచ్చింది. నీటి నాణ్యత నుంచి టాయిలెట్ల దాకా 33 ప్రమాణాలు. 2025 మొదట్లో నిర్వహణ బాగాలేదని ఆ గుర్తింపును తాత్కాలికంగా వెనక్కి తీసుకుని జెండా దింపించారు. అప్పుడు చూడాలి పరుగులు! ఎన్నాళ్లనుంచో కనపడని లోపాలన్నీ ఒక్కసారిగా అధికారుల కంట పడ్డాయి. కొద్ది వారాల్లో జెండా మళ్లీ ఎగిరింది. కాలనీవాళ్లు చెబితే అర్జీ, కోపెన్‌హాగన్ నుంచి చెబితే ప్రమాణం.

కాబట్టి ఏలినవారికి నా విన్నపం ఒక్కటే. గెడ్డ సముద్రంలో కలిసే ప్రతిచోటా ఓ జెండా పాతించండి. దాన్ని దింపే అధికారం మాత్రం డెన్మార్క్ వాళ్లకే ఇవ్వండి. మనవాళ్లకిస్తే అర్ధరాత్రి కూడా ఎగురుతూనే ఉంటుంది.

రంగు దగ్గర పేచీ రావచ్చు. ఉన్న రంగులన్నీ పార్టీలు పంచేసుకున్నాయి. గెడ్డ నీళ్ల రంగే వేసేద్దామంటే, ఏ నెల రంగు వేయాలో ముందు ఓ కమిటీ తేల్చాలి.